ఎల్ఈడీ స్ట్రిప్ డిమ్మింగ్‌కి ఏ ట్రాన్సిస్టర్ తీసుకోవాలి? టిప్122, యూఎల్ఎన్2003, మాస్‌ఫెట్‌ల పోలిక

ఐదు మీటర్ల 12 వోల్టుల స్ట్రిప్ ఒక రోల్ తెచ్చి, హాలు ఫాల్స్ సీలింగ్‌లో అంటించి, ఆర్డుయినో, ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డుతో వెలుగు తగ్గించి పెంచాలనుకునేవాళ్ల కోసం ఈ పోలిక. ప్రోగ్రామ్ రాయడం ఇందులో తేలికైన పని. ఎక్కువమంది ఆగిపోయేది మధ్యలో ఏ ట్రాన్సిస్టర్ పెట్టాలన్న దగ్గరే. ఒకరు టిప్122 అంటారు, ఇంకొకరు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ అంటారు, దుకాణంలో అడిగితే ఓ రెడీమేడ్ మాడ్యూల్ చేతిలో పెడతారు. దేంతో చేసినా లైటు వెలుగుతుంది. పూర్తి వెలుగులో నిజంగా ఎంత కాంతి వస్తోంది, ట్రాన్సిస్టర్ ఎంత వేడెక్కుతోంది, రాత్రిపూట బాగా తగ్గించినప్పుడు వెలుగు నున్నగా తగ్గుతోందా, మెట్లు మెట్లుగా దూకుతోందా అన్న చోట్లే తేడా తెలుస్తుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. అర మీటరు దాటిన ఏ స్ట్రిప్‌కైనా లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ తీసుకోండి. మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లలో ఒక రకం, లాజిక్ లెవెల్ అంటే బోర్డు పిన్ ఇచ్చే తక్కువ వోల్టేజీకే పూర్తిగా ఆన్ అయ్యేది. ఏ మాస్‌ఫెట్ అన్నది మాత్రం స్ట్రిప్‌ని చూసి తేల్చుకునేది కాదు, మీ బోర్డు పిన్ ఇచ్చే వోల్టేజీని చూసి తేల్చుకునేది. ఆర్డుయినో ఊనో 5 వోల్టులు ఇస్తుంది. ఈఎస్‌పీ32, పైకో ఇచ్చేది 3.3 వోల్టులే. ఒకదానికి చక్కగా పనిచేసింది ఇంకోదానికి సరిపోకపోవచ్చు.

ముందు స్ట్రిప్ లెక్క

మీటరుకి 60 ఎల్ఈడీలుండే 5050 స్ట్రిప్ (5050, 3528, 2835 అనేవి ఎల్ఈడీ సైజులు) సాధారణంగా మీటరుకి 14.4 వాట్లు లాగుతుంది. ఐదు మీటర్లకి 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. అదే 3528 రకమైతే మీటరుకి 4.8 వాట్లు, రోల్ మొత్తానికి 2 ఆంపియర్లు. 2835 స్ట్రిప్‌లు చాలా రకాలుగా వస్తాయి కాబట్టి రోల్ మీద రాసిన వాట్లు చూడాల్సిందే. ఇటు ఊనో పిన్ నుంచి నిశ్చింతగా తీసుకోగలిగింది 20 మిల్లీఆంపియర్లు. 40 దాటితే చిప్ దెబ్బతినొచ్చు. కావాల్సిన కరెంటుకీ పిన్ ఇచ్చేదానికీ మధ్య మూడు వందల రెట్ల తేడా. ఆ తేడాను పూడ్చడమే ట్రాన్సిస్టర్ పని.

స్ట్రిప్ లోపల ఏముందో కూడా ఒకసారి చూడాలి. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు వరుసగా, వాటితోపాటు ఒక రెసిస్టర్ ఉంటాయి. మీటరుకి 60 రకంలో కత్తెర గుర్తు ప్రతి 5 సెంటీమీటర్లకి ఉండేది అందుకే. తెల్ల ఎల్ఈడీ ఒక్కోటి దాదాపు 3.2 వోల్టులు తీసుకుంటే మూడింటికి 9.6 అయిపోతాయి. మిగిలిన 2.4 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. ఎల్ఈడీలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది ఆ 2.4 వోల్టులే. టిప్122 దగ్గరికి వచ్చాక ఈ లెక్క చాలా అక్కరకొస్తుంది.

ఇంకొక్క మాట. ఫాల్స్ సీలింగ్ పనివాళ్లు చాలాచోట్ల వాడేది నేరుగా 230 వోల్టులకి తగిలించే స్ట్రిప్. దానికి ఇక్కడ చెప్పేవేవీ వర్తించవు. దాని జోలికి ఈ సర్క్యూట్లతో వెళ్లకండి. మనం మాట్లాడేదంతా ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని డీసీగా మార్చే పవర్ సప్లై) నుంచి వచ్చే 12 వోల్టుల డీసీ గురించే.

చిన్న ట్రాన్సిస్టర్లు, యూఎల్ఎన్2003

బీసీ547 పరిమితి 100 మిల్లీఆంపియర్లు. 5050 స్ట్రిప్‌లో మూడు ఎల్ఈడీల ముక్క ఒక్కటే 60 తీసుకుంటుంది. కాబట్టి బీసీ547ని స్ట్రిప్‌కి నేరుగా పెట్టే ఆలోచన వదిలేయొచ్చు. 2ఎన్2222 డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) 600 మిల్లీఆంపియర్లని కనిపిస్తుంది కానీ, 500 దగ్గర పూర్తిగా ఆన్ అవ్వాలంటే బేస్‌కి (ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసే కాలికి) 50 ఇవ్వాలని అదే డేటాషీట్ చెబుతుంది. మన పిన్ అంత ఇవ్వలేదు. బేస్‌కి 220 ఓంల రెసిస్టర్ పెడితే 5 వోల్టుల పిన్ నుంచి 19 మిల్లీఆంపియర్లు వెళ్తాయి. దాంతో 200 వరకు ధైర్యంగా నడపొచ్చు. అంటే 3528 స్ట్రిప్ అర మీటరు. పూజగది అరకో, పుస్తకాల బీరువాలో ఒక వరసకో ఇది హాయిగా సరిపోతుంది. అంతకు మించి ఆశించకూడదు.

యూఎల్ఎన్2003 ఇంకాస్త మేలు. ఒకే చిప్‌లో ఏడు చానెళ్లు, బేస్ రెసిస్టర్లు లోపలే ఉంటాయి. 3.3 వోల్టుల పిన్‌తోనైనా ఈ కరెంట్లకి ఇబ్బంది లేదు. చానెల్‌కి 500 మిల్లీఆంపియర్లని రాసి ఉన్నా, అన్నీ ఒకేసారి అంత మోస్తే చిప్ ఆ వేడికి తట్టుకోదు. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 5050 స్ట్రిప్‌లో రంగుకి మీటరుకి 400 మిల్లీఆంపియర్లు పడతాయి. కాబట్టి అర మీటరు ఆర్‌జీబీ ముక్కకి, టీవీ వెనక చిన్న వెలుగుకి బాగుంటుంది. దీని లోపల ఉండేవి డార్లింగ్టన్ జతలు, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపిన రెండేసి ట్రాన్సిస్టర్లు. 200 మిల్లీఆంపియర్ల దగ్గరే ఒక్కోటి సుమారు ఒక వోల్టు తినేస్తుంది. ఆ ఒక వోల్టు స్ట్రిప్‌కి ఎంత నష్టమో ఇప్పుడు చూద్దాం.

టిప్122: అందరూ చెప్పేదే, నేను వద్దనేది

టిప్122 పేరుకి 5 ఆంపియర్ల ట్రాన్సిస్టర్. ఎక్కడైనా దొరుకుతుంది, చవక, బేస్‌కి ఒక కిలో ఓం పెట్టి పిన్‌కి కలిపేస్తే పనిచేస్తుంది. పాత ప్రాజెక్టులన్నిటిలో ఇదే కనిపిస్తుంది. కానీ ఇదీ డార్లింగ్టనే. పూర్తిగా ఆన్‌లో ఉన్నా కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ (స్ట్రిప్ కరెంటు పారే రెండు కాళ్లు) మధ్య వోల్టు దాకా ఉండిపోతుంది. 3 ఆంపియర్ల దగ్గర అది 2 వోల్టుల వరకు ఉండొచ్చని డేటాషీట్ చెబుతుంది. 3 ఆంపియర్లు, 2 వోల్టులు: 6 వాట్లు. హీట్‌సింక్ లేకుండా ఆ ప్యాకేజీ గాలిలోకి వదలగలిగేది 2 వాట్లే.

వేడి సంగతి హీట్‌సింక్ చూసుకుంటుందిలే అనుకుందాం. వెలుగు సంగతి ఏమిటి? రెసిస్టర్ మీద మిగిలేవి 2.4 వోల్టులేనని పైన చూశాం. ట్రాన్సిస్టర్ ఒక వోల్టు తినేస్తే అక్కడ మిగిలేది 1.4. కరెంటు దాదాపు 60 శాతానికి పడిపోతుంది. కరెంటు తగ్గితే ఎల్ఈడీ తీసుకునే వోల్టేజీ కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి నిజంలో ఇంతకన్నా కొంచెం మెరుగ్గానే ఉంటుంది. అయినా పన్నెండింటిలో ఒక్క వోల్టు పోతే ఎనిమిది శాతమేగా అనుకునేవాళ్లకి, మూడో వంతు వెలుగు మాయమయ్యాక ఎందుకో అంతుపట్టదు. స్ట్రిప్ నాసిరకం అనుకుంటారు, ఎస్ఎంపీఎస్ మారుస్తారు. తప్పు ట్రాన్సిస్టర్‌ది. ఇంట్లో ఇప్పటికే టిప్122 ఉంటే మీటరు స్ట్రిప్‌తో నేర్చుకోవడానికి వాడండి. కొత్తగా కొనడానికి మాత్రం కారణం లేదు.

మాస్‌ఫెట్: ఒక్క అక్షరం తేడా

మాస్‌ఫెట్‌కి మూడు కాళ్లు: ఆన్ చేసే గేట్, స్ట్రిప్ మైనస్ తగిలించే డ్రెయిన్, గ్రౌండ్‌కి వెళ్లే సోర్స్. ఆన్ అయ్యాక అది చిన్న రెసిస్టర్‌లా ఉంటుంది. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ గేట్‌కి 5 వోల్టులు ఇస్తే ఆ నిరోధం గరిష్ఠంగా 25 మిల్లీఓంలు. 6 ఆంపియర్ల రోల్ మొత్తం దీని మీద పెడితే పోయేది 150 మిల్లీవోల్టులు, వేడి 0.9 వాట్లు. వేలు పెడితే కాలుతుంది కానీ హీట్‌సింక్ లేకుండా నిలుస్తుంది. గాలాడని పెట్టెలో పెడితే చిన్న హీట్‌సింక్ తగిలించండి. 3 ఆంపియర్లకైతే వేడి పావు వాటు కూడా కాదు. టిప్122 పడేసే 6 వాట్ల పక్కన పెట్టి చూస్తే ఇక వేరే వాదన అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. దుకాణంలో ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అడిగితే చాలాసార్లు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ ఇస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీద ప్రింట్ అయిన అక్షరాలు స్వయంగా చదవండి. ఎల్ ఉంటే లాజిక్ లెవెల్, ఎఫ్ ఉంటే మామూలుది. ఎఫ్ రకం 17.5 మిల్లీఓంలని డేటాషీట్‌లో ఉంటుంది, ఎల్ రకం కన్నా మంచిదేమో అనిపిస్తుంది. ఆ అంకె గేట్‌కి 10 వోల్టులు ఇచ్చినప్పటిది. 5 వోల్టుల దగ్గర దానికి ఏ హామీ లేదు. కొన్ని పీసులు బాగానే నడుస్తాయి, కొన్ని సగం తెరుచుకుని మాడిపోయేంత వేడెక్కుతాయి.

డేటాషీట్‌లో చూడాల్సిన చోటు ఒక్కటే. త్రెషోల్డ్ వోల్టేజీ చూసి మోసపోకండి. "2 నుంచి 4 వోల్టులు" అని ఉంటే 5 సరిపోతుందని చాలామంది అనుకుంటారు. త్రెషోల్డ్ అంటే 250 మైక్రోఆంపియర్లు పారడం మొదలయ్యే చోటు, అంతే. మనకి కావాల్సింది ఆన్ నిరోధం ఏ గేట్ వోల్టేజీ దగ్గర కొలిచారన్న వరస. అందులో మీ బోర్డు వోల్టేజీ గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటేనే ఆ మాస్‌ఫెట్ మీది.

3.3 వోల్టుల బోర్డులకి

ఐఆర్ఎల్‌జెడ్44ఎన్‌కి డేటాషీట్ 4 వోల్టుల దాకా అంకెలిస్తుంది (అక్కడ 35 మిల్లీఓంలు). 3.3 దగ్గర ఏమీ చెప్పదు. ఒకటి రెండు ఆంపియర్ల స్ట్రిప్‌ని ఈఎస్‌పీ32తో నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, నడుస్తుంది కూడా. ఏళ్ల తరబడి సీలింగ్‌లో ఉండాల్సిన దానికి నేనైతే అలా పెట్టను.

2 ఆంపియర్ల లోపు స్ట్రిప్‌కి ఏఓ3400ఏ చాలు. బియ్యపుగింజంత ఉంటుంది, 2.5 వోల్టుల గేట్‌కే 48 మిల్లీఓంలు మించదని డేటాషీట్ హామీ. ఐఆర్ఎల్‌ఎంఎల్6344 కూడా అదే కోవ. రెండూ బోర్డు మీద అంటించే సైజు కాబట్టి సోల్డరింగ్ కాస్త అలవాటు ఉండాలి. చిన్న అడాప్టర్ పీసీబీ మీద పెడితే జీరో బోర్డులో (రంధ్రాలుండే మామూలు పీసీబీ) వాడుకోవచ్చు. ఆర్‌జీబీ రోల్‌కి రంగుకి 2 ఆంపియర్లే కాబట్టి ఇలాంటివి మూడు పెడితే ఐదు మీటర్లూ నడుస్తాయి.

6 ఆంపియర్ల తెల్ల రోల్‌ని ఈఎస్‌పీ32తో నడపాలంటే నేను ఎంచుకునేది గేట్ డ్రైవర్. టీసీ4427 అనే ఎనిమిది కాళ్ల చిప్‌కి 12 వోల్టుల సరఫరా ఇస్తే, లోపలికి వచ్చే 3.3 వోల్టుల సిగ్నల్‌ని గుర్తుపట్టి గేట్‌కి 12 వోల్టులు ఇస్తుంది. దాని ఇన్‌పుట్‌కి 2.4 వోల్టులు దాటితే చాలు. అప్పుడు ఇందాక వద్దన్న ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్నే మంచి ఎంపిక అయి కూర్చుంటుంది: 6 ఆంపియర్ల దగ్గర 0.63 వాట్లే. ఒక చిప్‌లో రెండు చానెళ్లు ఉంటాయి కాబట్టి వార్మ్ వైట్, కూల్ వైట్ రెండూ ఉన్న స్ట్రిప్‌కి సరిగ్గా సరిపోతుంది.

గేట్ డ్రైవర్ బదులు బీసీ547తో 12 వోల్టుల పుల్అప్ (గేట్‌ని 12 వోల్టులకి లాగే రెసిస్టర్) పెట్టి పని జరిపే పద్ధతి కూడా ఉంది. చవకే. కానీ సిగ్నల్ తిరగబడుతుంది. బోర్డు ఆన్ అయ్యే క్షణంలో పిన్ హై, లో ఏదీ కాకుండా గాల్లో ఉంటే బీసీ547 ఆఫ్, మాస్‌ఫెట్ ఫుల్ ఆన్. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు బెడ్‌రూమ్ లైటు ఒక్కసారి పూర్తి వెలుగుతో మెరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

రెడీమేడ్ మాడ్యూళ్లు

ఎక్కువ అమ్ముడుపోయే ఐఆర్ఎఫ్520 మాడ్యూల్‌ని స్ట్రిప్ కోసం కొనకండి. ఆ మాస్‌ఫెట్‌కి గేట్ మీద 10 వోల్టులు ఇచ్చినా నిరోధం 0.27 ఓం దాకా ఉండొచ్చు. 6 ఆంపియర్లకి దాదాపు 10 వాట్ల వేడి. ఆర్డుయినో ఇచ్చేది అందులో సగం వోల్టేజీ. డీ4184 మీద చేసిన చిన్న మాడ్యూళ్లు దీనికన్నా ఎంతో నయం, 4.5 వోల్టుల గేట్‌కి 10 మిల్లీఓంల లోపే. అయితే కొన్ని మాడ్యూళ్ల ముందు ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుగు ద్వారా దాటించే చిప్) ఉంటుంది. కొన్ని వందల హెర్ట్జ్ వరకు దాంతో సమస్య లేదు, పదివేల హెర్ట్జ్ దగ్గర అది అందుకోలేక తక్కువ వెలుగు దగ్గర తేడా చేస్తుంది.

మెట్లు లేని డిమ్మింగ్

ట్రాన్సిస్టర్ సరిగ్గా ఎంచుకున్నాక మిగిలిన నాణ్యతంతా పీడబ్ల్యూఎంలోనే, అంటే లైటుని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వెలుగు తగ్గించే పద్ధతిలోనే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఊనోలో పీడబ్ల్యూఎం ఇచ్చే అనలాగ్‌రైట్ కమాండ్‌కి 0 నుంచి 255 వరకు విలువలు, అంటే 8 బిట్లు. మన కంటికి వెలుగు సమానంగా తగ్గినట్టు అనిపించాలంటే గామా సవరణ వేయాలి, సాధారణంగా 2.2. ఆ లెక్కన పది శాతం వెలుగు అనిపించాలంటే ఇవ్వాల్సిన డ్యూటీ సైకిల్ (ఆన్‌లో ఉండే సమయం వాటా) 0.63 శాతం. 255లో అది 1.6. అంటే అడుగున ఉన్న పది శాతం మొత్తానికి మనకి దొరికేవి ఒకటి, రెండు అనే రెండే మెట్లు. నిద్రపోయే ముందు మెల్లగా ఆరిపోవాల్సిన లైటు చివర్లో టక్ టక్‌మని దూకేది అందుకే. అదే 12 బిట్లు (0 నుంచి 4095) వాడితే అదే పది శాతంలో 25 మెట్లు వస్తాయి. దూకడం ఇక కంటికి తెలియదు.

ఊనోలో 9, 10 పిన్నులు టైమర్1 మీద నడుస్తాయి, అది 16 బిట్ల టైమర్. పై హద్దు 4095 పెడితే 12 బిట్లూ, 3906 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రెండూ దక్కుతాయి. ఆ పిన్నుల మామూలు ఫ్రీక్వెన్సీ 490 హెర్ట్జ్. కంటికి బాగానే ఉంటుంది కానీ ఫోన్ కెమెరాలో నల్ల చారలు పడే అవకాశం ఎక్కువ. ఎల్ఈడీ మినుకు గురించిన ఐఈఈఈ 1789 ప్రమాణం, 2015లో వచ్చింది, పూర్తిగా ఆన్-ఆఫ్ అయ్యే లైటుకి 1250 హెర్ట్జ్ పైన ఇబ్బంది తక్కువనీ, 3000 పైన ప్రభావమే కనిపించదనీ చెబుతుంది. 3906 ఆ రెండూ దాటేసింది. 5, 6 పిన్నుల ఫ్రీక్వెన్సీ మాత్రం మార్చకండి, ప్రోగ్రామ్‌లో సమయం కొలిచే మిల్లిస్, డిలే లెక్కలు వాటి టైమర్ మీదే ఆధారపడి ఉంటాయి. ఈఎస్‌పీ32లో ఎల్ఈడీసీ అనే హార్డ్‌వేర్ ఉంది, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 13 బిట్లు సునాయాసంగా ఇస్తుంది. ఎక్కువ చానెళ్లు కావాలంటే పీసీఏ9685 చిప్ 16 చానెళ్లకి 12 బిట్లు ఇస్తుంది, కాకపోతే ఫ్రీక్వెన్సీ 1526 దాటదు.

ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోవడం కూడా మంచిది కాదు. గేట్ అంటే ఒక కెపాసిటర్. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ గేట్‌ని 220 ఓంల రెసిస్టర్ గుండా పిన్ నింపాలంటే కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కాసేపూ మాస్‌ఫెట్ సగం తెరుచుకుని వేడిని పుట్టిస్తుంది. ఒకటి రెండు కిలోహెర్ట్జ్‌లో అది లెక్కలోకి రాదు, 20 కిలోహెర్ట్జ్‌లో వాట్లలోకి వెళ్తుంది. 5 కిలోహెర్ట్జ్ దాటాలంటే గేట్ డ్రైవర్ పెట్టాల్సిందే.

డబ్ల్యూఎస్2812బీ సంగతి

డబ్ల్యూఎస్2812బీలా ప్రతి ఎల్ఈడీనీ విడిగా నడిపే స్ట్రిప్‌కి ట్రాన్సిస్టరే అక్కర్లేదు కదా అని అడుగుతారు. నిజమే, డేటా తీగ ఒక్కటి చాలు. కానీ ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది, మీటరుకి 60 ఉంటే 5 వోల్టుల దగ్గర 3.6 ఆంపియర్లు. ఐదు మీటర్లకి 18. అంత కరెంటుని సీలింగ్ చుట్టూ తీసుకెళ్లడం మామూలు విషయం కాదు. పైగా రంగుకి 8 బిట్లే, ఇందాక చెప్పిన మెట్ల సమస్య ఇక్కడ తప్పదు. దీపావళి డెకరేషన్‌కి, పిల్లల గదికి తీసుకోండి. హాలు వెలుగుకి మామూలు 12 వోల్టుల స్ట్రిప్పే మేలు.

వైరింగ్‌లో వదలకూడనివి

గేట్‌కి వరుసగా 220 ఓంలు, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓంలు. ఈ రెండోది లేకపోతే బోర్డు బూట్ అయ్యేలోపు స్ట్రిప్ ఇష్టమొచ్చినట్టు వెలుగుతుంది. గేట్ డ్రైవర్ వాడితే ఆ 10 కిలో ఓంలు డ్రైవర్ ఇన్‌పుట్ దగ్గర పెట్టాలి. ఈఎస్‌పీ32లో కొన్ని పిన్నులు బూట్ సమయంలో వాటంతటవే హై అవుతాయి కాబట్టి 25, 26, 27 లాంటివి ఎంచుకోండి. ఎస్ఎంపీఎస్ మైనస్, బోర్డు గ్రౌండ్ కలిసి ఉండాలి, కానీ స్ట్రిప్ కరెంటు బోర్డు గుండా తిరిగి రాకూడదు. మాస్‌ఫెట్ సోర్స్ నుంచి ఎస్ఎంపీఎస్ మైనస్‌కి లావుపాటి తీగ నేరుగా వేయండి, బోర్డుకి సన్న తీగ విడిగా. బ్రెడ్‌బోర్డు మీద 6 ఆంపియర్లు పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. స్ట్రిప్ రాగి పొర పల్చన కాబట్టి ఐదు మీటర్ల చివర వెలుగు తగ్గుతుంది. రెండో చివరకీ ప్లస్, డ్రెయిన్ తీగలు రెండూ తీసుకెళ్లి కలపండి. 72 వాట్ల రోల్‌కి 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ తీసుకోండి, దాని ప్లస్ దారిలో 7.5 ఆంపియర్ల ఫ్యూజ్ ఒకటి పెట్టండి.

అంతా బిగించాక సీలింగ్ మూసేలోపు ఒక పరీక్ష చేయండి. స్ట్రిప్ పూర్తి వెలుగులో ఉండగా మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన మాస్‌ఫెట్ డ్రెయిన్ మీద, ఇంకోటి సోర్స్ మీద ఆనించండి. ఊనో, ఐఆర్ఎల్‌జెడ్44ఎన్, 6 ఆంపియర్ల స్ట్రిప్ అయితే 150 మిల్లీవోల్టుల లోపు కనిపించాలి. వేడెక్కాక ఇంకాస్త పెరగొచ్చు. అర వోల్టు దాటి చూపిస్తోందంటే గేట్‌కి వోల్టేజీ సరిగ్గా అందడం లేదు, లేదంటే మీకు అంటగట్టింది ఎఫ్ రకమో, నకిలీ పీసో. గేట్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయేమో కూడా కొలిచి, ఉంటే ఆ పీసు తీసేసి వేరే దుకాణంలో ఇంకోటి కొనండి.